బ్యాంకు వేలంలో సీజింగ్ కారు కొన్నాను: యార్డు నుంచి సి-బుక్ దాకా

2025 నవంబరులో విజయవాడ శివారు యార్డులో ఉన్న ఒక సీజింగ్ బండిని, అంటే అప్పు కట్టలేదని బ్యాంకు పట్టుకున్న కారును, ఆన్‌లైన్ వేలంలో కొన్నాను. 2018 స్విఫ్ట్ వీడీఐ, ఏపీ 07 నంబరు. పేరు మారేసరికి ఫిబ్రవరి వచ్చింది. పాత కార్లు కొని, బాగుచేసి అమ్ముకోవడమే మా పని. ఈమధ్య చాలామంది చిన్న డీలర్లు, సొంతానికి కొనుక్కునేవాళ్లు కూడా ఈ వేలాల వైపు వస్తున్నారు. యార్డులో బండిని ఎలా చూడాలి, రేటు ఎలా కట్టాలి, పాట గెలిచాక ఎన్నాళ్లు ఆగాలి, డబ్బు ఎక్కడెక్కడ పోతుంది అన్నవి జరిగిన వరుసలో రాస్తున్నాను.

ముందు వేలం సైట్‌లో మన పేరు రిజిస్ట్రేషన్. పాన్, ఆధార్, జీఎస్టీ సర్టిఫికెట్, క్యాన్సిల్ చేసిన చెక్కు, 20,000 రూపాయల ధరావతు. పాట రాకపోతే ధరావతు వెనక్కి ఇస్తారు. గెలిచి డబ్బు కట్టకపోతే పోయినట్టే. ఐడీ తెరుచుకోవడానికి మూడు పనిదినాలు పట్టింది. ఇక్కడే గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఏ పేరు మీద ఐడీ ఉంటే ఇన్వాయిస్ ఆ పేరు మీదే వస్తుంది, డబ్బు కూడా ఆ పేరున్న ఖాతా నుంచే వెళ్లాలి. తమ్ముడి ఖాతా నుంచో బావగారి ఖాతా నుంచో పంపిస్తే వాపసు కొడతారు, ఈలోపు గడువు దాటిపోతుంది. అమ్మకానికి కొనేవాళ్లకు ఇంకో మాట: 2023 ఏప్రిల్ 1 నుంచి పాత బండ్ల డీలర్లు రవాణా శాఖ దగ్గర అనుమతి తీసుకోవాలన్న నిబంధన అమలులో ఉంది. అది లేకుండా బండ్లు చేతులు మారిస్తే, ఆ మధ్యలో జరిగే ప్రమాదానికి జవాబు చెప్పుకోవడం కష్టం.

సోమవారం లిస్టు వచ్చింది. ఒక్కో బండికి పదీ పన్నెండు ఫొటోలు, కింద నాలుగు ముక్కలు: ఆర్సీ (సి-బుక్) ఉంది లేదా లేదు, తాళం ఉంది లేదా లేదు, ఇన్సూరెన్స్ అయిపోయింది, 'ఎక్కడున్నది అక్కడే, ఎలా ఉన్నది అలాగే'. ఆ చివరి ముక్కకు చాలా బలం ఉంది. పాట అయ్యాక ఇంజన్ లేదన్నా, గేర్‌బాక్సు పగిలిందన్నా వినేవాళ్లుండరు. ఫొటోలు చూసి పాట పెట్టేవాళ్లున్నారు, నేను మాత్రం పెట్టను. ఫొటోలు ఏ బండ్లు చూడనక్కర్లేదో తేల్చుకోవడానికి పనికొస్తాయి, అంతే.

యార్డుకు వెళ్లేముందు ఇంటి దగ్గరే సగం పని అయిపోతుంది. నంబరు కొట్టి రవాణా శాఖ యాప్ ఎంపరివాహన్‌లో చూస్తే ఎన్నో ఓనరు, ఏ ఫైనాన్స్ మీద ఉంది, ఇన్సూరెన్స్ ఎప్పుడు ముగిసింది, బ్లాక్‌లిస్టులో ఉందా అన్నవి తెలుస్తాయి. చలాన్లు విడిగా చూడాలి. ఆంధ్రా చలాన్లు ఒకచోట, హైదరాబాద్‌లో పడ్డవి తెలంగాణ పోలీసు సైట్‌లో వేరేచోట. మన వైపు బండ్లు హైదరాబాద్ తిరగకుండా ఉండవు కాబట్టి రెండూ చూడాల్సిందే. ఈ స్విఫ్ట్ మీద రెండు చోట్లా కలిపి 4,700 రూపాయలున్నాయి. తెలంగాణ నంబరు బండి అయితే నేను అసలు ముట్టుకోను. అక్కడి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఇక్కడి లైఫ్ ట్యాక్సు కలిస్తే మిగిలేది ఏమీ ఉండదు.

మీటరు సంగతి కూడా ఇంటి దగ్గరే తేలింది. ఫొటోలో మీటరు 81 వేలు చూపిస్తోంది. కంపెనీ సర్వీస్ సెంటర్లో తెలిసినవాళ్లను అడిగితే 2023లో చివరి సర్వీసు నాటికే 96 వేలు నమోదైంది. అంటే మీటరు వెనక్కి తిప్పారు. ఏడాదికి 12, 13 వేలు వేసుకున్నా ఈపాటికి లక్షా పాతిక వేలు దాటి ఉంటుంది. లక్షా ముప్పై వేలు తిరిగిన బండిగానే లెక్క కట్టుకున్నాను. అమ్మేటప్పుడు కొనేవాళ్లకు ఆ సంగతే చెప్పాలి గనక అమ్మకం రేటు కూడా దాన్నిబట్టే వేసుకోవాలి. మీటరు తిప్పారని బండిని వదిలేయక్కర్లేదు. 81 వేల బండి రేటు పెట్టకపోతే చాలు.

మంగళవారం పొద్దున పదింటికల్లా యార్డులో ఉన్నాను. పెందలాడే వెళ్లడానికి కారణం ఉంది. మధ్యాహ్నానికి నలుగురు వచ్చి బండిని స్టార్ట్ చేసి ఉంటారు. వేడెక్కిన డీజిల్ ఇంజన్ తన రోగాలన్నీ దాచేస్తుంది. బానెట్ ఎత్తగానే ముందు ఇంజన్ మీద చెయ్యి పెట్టి, చల్లగా ఉందని చూసుకున్నాకే మిగతా పని. వెంట తీసుకెళ్లినవి: పెయింట్ మందం కొలిచే మీటరు, బండి కంప్యూటరులో నమోదైన తప్పుల కోడ్లు చదివే ఓబీడీ స్కానరు, వేరే బ్యాటరీ నుంచి కరెంటు అందించే జంపర్ కేబుళ్లు, మంచి టార్చి, చిన్న అద్దం, మోకాళ్ల కింద పరుచుకోవడానికి గోనెసంచి. యార్డుల్లో బండ్ల బ్యాటరీలు నెలల తరబడి పడి ఉండి చచ్చిపోతాయి. జంపర్ కేబుళ్లు లేకపోతే రేకులు చూసుకుని ఇంటికి రావాల్సిందే.

"అన్నా, స్టార్ట్ చేసి చూపిస్తాను. ముందుకో నాలుగడుగులు, వెనక్కో నాలుగడుగులు. గేటు మాత్రం దాటదు," అన్నాడు యార్డు కుర్రాడు. అన్ని యార్డుల్లోనూ దాదాపు ఇదే పద్ధతి. రోడ్డు మీద నడిపి చూడని బండికి రేటు కడుతున్నామన్న సంగతి లెక్కలో తప్పకుండా కనిపించాలి.

నేను చూడాలనుకున్న బండ్లలో మొదటిది స్విఫ్ట్ కాదు. పక్క వరుసలో ఒక పెట్రోల్ కాంపాక్ట్ ఎస్‌యూవీ ఉంది, ఏపీ 39 నంబరు, 2021 మోడల్. ప్రారంభ ధర అదే మోడల్ బండ్లకంటే లక్ష పైచిలుకు తక్కువ. బయట రంగు అద్దంలా ఉంది, లోపల సీట్లు షాంపూ పెట్టి కడిగారు, సెంటు వాసన గుప్పుమంటోంది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఇళ్ల ముందున్న కార్లన్నీ మునిగాయి. ఆ తర్వాత మన ప్రాంతంలో ఏ పాత బండి చూసినా, అది ఎక్కడిదైనా సరే, నీళ్లలో మునిగిందా అన్నదే నా మొదటి ప్రశ్న.

మునిగిన బండిని కడిగినవాళ్లు కనిపించే చోటు కడుగుతారు. అందుకే కనిపించని చోట్లు చూడాలి. డ్రైవరు సీటు బెల్టును ఆఖరి అంగుళం దాకా లాగాను. రోజూ బయటికొచ్చే భాగం శుభ్రంగా ఉంది. ఎప్పుడూ రీలు లోపలే ఉండే జానెడు భాగం మీద మట్టిరంగు చార అడ్డంగా ఉంది. దాని పైన నలుపు, కింద బూడిద రంగు. తర్వాత సీటు కింద టార్చి వేస్తే సీటు రైలు బోల్టులు పొడి తుప్పుతో ఎర్రగా ఉన్నాయి. నాలుగేళ్ల బండిలో, అద్దాలు మూసి ఉన్న క్యాబిన్‌లో, ఆ బోల్టులకు తుప్పు రాదు. డాష్‌బోర్డు కింద పడుకుని పైకి చూస్తే బ్రేకు పెడల్ బ్రాకెట్ మూలల్లో ఎండిన ఒండ్రు, వేలితో గీకితే మెత్తటి పొడిలా రాలింది. రోడ్డు దుమ్ము ఇసుకలా గరగరలాడుతుంది, ఒండ్రు పౌడరులా అంటుకుంటుంది. చేతికి తేడా తెలిసిపోతుంది. ఫ్యూజు బాక్సు పక్క కనెక్టరు ఒకటి ఊడదీస్తే పిన్నుల మీద ఆకుపచ్చ చిలుము.

చివరగా ఇగ్నిషన్ ఆన్ చేశాను. ఎయిర్‌బ్యాగ్ దీపం కొన్ని క్షణాలు వెలిగి ఆరిపోవాలి. ఇందులో అసలు వెలగనే లేదు. వెలిగి ఆరకపోతే రోగం ఉన్నట్టు. వెలగకపోతే ఆ రోగాన్ని ఎవరో కావాలని మూసేసినట్టు. బెల్టు చారను బట్టి నీళ్లు సీటు ఎత్తు దాటాయి. ఎయిర్‌బ్యాగ్ మాడ్యూలు సాధారణంగా గేరు కన్సోలు కింద నేలకు దగ్గరగా ఉంటుంది, అంటే అది పూర్తిగా మునిగింది. ఆ బండి లక్ష తగ్గినా వద్దు, రెండు లక్షలు తగ్గినా వద్దు. ఇంజన్ బాగుచేయొచ్చు, వైరింగ్ మాత్రం నెలకో చోట చస్తూనే ఉంటుంది. అది కొన్న కుటుంబం ప్రమాదంలో ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటుందనుకుని తిరుగుతుంటారు. వేలం రోజున ఆ బండికి పాట జోరుగా సాగడం చూసి బాధేసింది.

ఇక స్విఫ్ట్. పెయింట్ మీటరు మొదట రూఫ్ మీద పెట్టాలి. రూఫ్‌కి దెబ్బలు తక్కువ తగులుతాయి కాబట్టి కంపెనీ రంగు మందం ఎంతో అది చెబుతుంది. ఈ బండి రూఫ్ మీద 105, 110 మైక్రాన్లు. మామూలుగా కంపెనీ రంగు 80 నుంచి 150 మధ్యలో ఉంటుంది. 200, 300 వస్తే మళ్లీ రంగు కొట్టారు. 500 దాటితే కింద పుట్టీ ఉంది. బంపర్లు ప్లాస్టిక్, వాటి మీద ఈ మీటరు పనిచేయదు. కుడి తలుపులు రెండూ 110, 120. వెనక కుడి క్వార్టర్ ప్యానెల్ (వెనక చక్రం పైన ఉండే రేకు) 260. ఎడమ ముందు ఫెండరు (ముందు చక్రం పైన ఉండే రేకు) 700 దాటింది, కొన్నిచోట్ల వెయ్యి.

అంకెలు చూసి కంగారు పడకూడదు, ఏ ప్యానెల్ అన్నది చూడాలి. ఫెండరు బోల్టులతో బిగించిన రేకు. దాని కింద పుట్టీ ఉంటే అందం పోయిందే తప్ప బండి బలం పోలేదు. ఆ దెబ్బ ఫెండరు దాటి లోపలికి వెళ్లిందా అన్నదే అసలు విషయం. బానెట్ ఎత్తి ఎడమ ఏప్రాన్, అంటే ఫెండరు వెనక ఉండే లోపలి రేకు, చూశాను. కంపెనీ స్పాట్ వెల్డింగ్ గుంటలు కుడి వైపు ఎంత దూరంలో ఉన్నాయో ఎడమ వైపూ అంతే దూరంలో, గుండ్రంగా, వరుసగా ఉన్నాయి. సీలెంటు సన్నగా, ఒకే మందంతో ఉంది, గోరుతో నొక్కితే గట్టిగా ఉంది. చేత్తో పూసిన సీలెంటు మెత్తగా, వంకరటింకరగా ఉంటుంది. ఫెండరు బోల్టుల తల మీద రంగు చెదిరింది, అంటే విప్పారు. బానెట్ కీలు బోల్టులు, రేడియేటర్ సపోర్టు బోల్టులు ఎవరూ ముట్టుకోలేదు. కాబట్టి దెబ్బ ఫెండరు దగ్గరే ఆగింది. క్వార్టర్ ప్యానెల్ వెల్డింగ్ రేకు గనక డిక్కీలో స్టెప్నీ తీసి, కార్పెట్ ఎత్తి, అడుగు రేకు చూశాను. ముడతలు లేవు, వెల్డింగ్ మార్చిన జాడ లేదు. 260 అంటే గీతలకు రంగు కొట్టారని తేల్చుకున్నాను. స్టెప్నీ గుంటలో నీళ్ల చారలు కూడా లేవు.

అద్దాలన్నిటి మీదా తయారీ గుర్తు చూస్తే ఒకే ఏడాదివి, ముందు అద్దం తప్ప. దాని ఏడాది వేరు. రాయి తగిలి మార్చి ఉండొచ్చు, ముందు గుద్దుడు వల్లా కావచ్చు. ఏప్రాన్ బాగుంది కాబట్టి రాయి అనుకున్నాను. టైర్ల మీద నాలుగంకెల కోడు ఉంటుంది: మొదటి రెండు వారం, తర్వాతి రెండు ఏడాది. నాలుగు టైర్లకు మూడు వేర్వేరు ఏళ్లు, ముందు రెండిటికీ లోపలి అంచు అరిగిపోయింది. ముందు సస్పెన్షన్‌లో లోయర్ ఆర్మ్ బుష్‌లు (రబ్బరు ముక్కలు) పోయాయని అక్కడే తెలిసిపోయింది.

జంపర్ పెట్టి స్టార్ట్ చేయించాను. ఈ 1.3 డీడీఐఎస్ డీజిల్ ఇంజన్‌లో మొదటి రెండు మూడు సెకన్లు చెవి పెట్టి వినాలి. టైమింగ్ చైను సాగితే ఆ కొద్దిసేపు గలగల మోగుతుంది, ఆయిలు ప్రెషరు ఎక్కగానే ఆగిపోతుంది. ఇందులో మోగలేదు. ఆయిలు మూత వదులు చేసి పైన పెడితే చిన్నగా ఊగింది, ఎగిరిపడలేదు. బ్యాక్ కంప్రెషన్ (అరిగిన సిలిండర్ల నుంచి కిందికి తన్నే గాలి) కొద్దిగా ఉంది, లక్షా ముప్పై వేల బండికి అది సహజమే. పొగ మొదట తెల్లగా వచ్చి పోయింది, నీలం రంగు లేదు. కూలెంట్ ట్యాంకులో ఆయిలు తెట్టు లేదు. ఇంజెక్టర్ల మొదట్లో మాత్రం ఒకదాని చుట్టూ నల్లటి మసి గట్టిపడి ఉంది. సీలు లీకవుతోంది. ఇంజెక్టరు రిటర్న్ లీకు, అంటే ఇంజెక్టరు నుంచి ఎంత డీజిల్ వెనక్కి పోతోందన్నది, యార్డులో చూడలేం, దానికి డబ్బు పక్కన పెట్టాలి.

హ్యాండ్‌బ్రేక్ పూర్తిగా లాగి, మూడో గేరు వేసి, క్లచ్ నెమ్మదిగా వదిలితే ఇంజన్ వెంటనే ఆగిపోవాలి. ఇది ఊగిసలాడి ఆగింది. క్లచ్ ప్లేటు ఆఖరి దశలో ఉంది. స్కానరు పెడితే తప్పులేవీ చూపించలేదు. అయితే 'కోడ్లు చెరిపాక తిరిగిన దూరం' అన్న వరుసలో 3 కిలోమీటర్లు ఉంది. ఎవరో యార్డుకు తెచ్చే ముందు కోడ్లు చెరిపేశారు. స్కానరు శుభ్రంగా ఉందని సంతోషించేవాళ్లు ఈ ఒక్క వరుస తప్పకుండా చూడాలి.

రేటు అక్కడే, యార్డు చెట్టు కింద కూర్చుని కాగితం మీద వేసుకున్నాను. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది, కొత్త కార్ల ధరలు దిగాయి, వాటితో పాటే పాతవీ దిగాయి. అంతకుముందు నెలల్లో ఎంతకు అమ్మామో ఆ జ్ఞాపకం పనికిరాదు. ఆ వారం ఆటోనగర్ చుట్టుపక్కల, గుంటూరులో నిజంగా అమ్ముడైన రేట్లు అడిగి తెలుసుకున్నాను. 80 వేలు తిరిగిన బండి అయితే 5,20,000 దాకా పోతుంది. లక్షా ముప్పై వేలదని చెప్పి అమ్మితే చేతికొచ్చేది 4,80,000. అక్కణ్ణుంచి కిందికి దిగాలి.

కళ్లతో చూసిన ఖర్చులు: నాలుగు టైర్లు 18,000. క్లచ్ సెట్టు కూలితో 14,000. ముందు సస్పెన్షన్ 9,000. బంపరు, ఒక హెడ్‌లైటు, రెండు ప్యానెళ్ల పెయింటింగ్ 17,000. బ్యాటరీ 6,000. రెండో తాళం లేదు, ఇమ్మొబిలైజర్ తాళం కోడింగుతో 5,000. ఆయిలు, ఫిల్టర్లు 4,500. క్లీనింగ్, పాలిష్ 3,500. మొత్తం 77,000. నడిపి చూడలేదు కాబట్టి ఇంజెక్టర్లకో టర్బోకో అని 25,000 విడిగా. కాగితాలు, చలాన్లు, రికవరీ వ్యాన్, ఇన్సూరెన్స్, యార్డు ఖర్చులకు 20,000. వేలం కంపెనీ కమీషన్ 2 శాతం, దాని మీద జీఎస్టీ, కలిపి 6,500. డబ్బు రెండు నెలలు ఇరుక్కుంటుంది, నూటికి రూపాయిన్నర వడ్డీ చొప్పున 8,500. నాకు మిగలాల్సింది 30,000. ఇవన్నీ కలిపితే 1,67,000.

చాలామంది ఇక్కడే ఆపేసి 3,13,000 దాకా పాట పెట్టేస్తారు. జీఎస్టీలో రిజిస్టరైన డీలరుకు ఇంకో కోత ఉంది. 2025 జనవరి నుంచి పాత కారు ఏదైనా మార్జిన్ మీద 18 శాతం పన్ను. మార్జిన్ అంటే అమ్మిన ధరలోంచి కొన్న ధర తీసేస్తే వచ్చేది. మధ్యలో బండికి పెట్టిన రిపేరు ఖర్చు అందులోంచి తగ్గదు. అంటే టైర్లకు, క్లచ్‌కు పెట్టిన డబ్బు మీద కూడా లాభం వచ్చినట్టే లెక్క. 1,67,000కు 18 శాతం కలిపితే 1,97,000 చిల్లర. 4,80,000లోంచి అది తీసేస్తే 2,82,000. అదే నా ఆఖరి పాట. కాగితం మీద గీత గీసి జేబులో పెట్టుకున్నాను. సొంతానికి కొనేవాళ్లకు ఈ పన్నూ ఉండదు, నా 30,000 లాభమూ ఉండదు. అందుకే వాళ్లు డీలరుకంటే పైకి వెళ్లగలరు. అంతమాత్రాన 25,000 నిల్వ తీసేయకూడదు.

నవంబరు 13, గురువారం పాట. 2,10,000 దగ్గర మొదలైంది, మెట్టు 2,000. ముగింపు సమయానికి రెండు నిమిషాల ముందు ఎవరు పాట పెట్టినా గడువు మళ్లీ పొడుగవుతుంది. కాబట్టి ఆఖరి క్షణంలో కొట్టేద్దామన్న ఎత్తు ఇక్కడ పారదు. గుండె దడదడలాడే సమయం అదే. ఎదుటివాడు ఇంకో రెండు వేలు పెంచితే మనమూ పెంచేద్దామనిపిస్తుంది. 2,76,000 దగ్గర నా పాటే మిగిలింది, ఎదుటివాడు ఆగిపోయాడు.

అయినా బండి మన చేతికొచ్చినట్టు కాదు. 'పై పాట, బ్యాంకు ఆమోదానికి లోబడి' అని వస్తుంది. బ్యాంకు లోపల పెట్టుకున్న ధర మనకు చెప్పరు. ఆ వారమంతా ధరావతు ఇరుక్కుని ఉంటుంది, ఇంకో బండికి పాట పెట్టడానికి ధైర్యం చాలదు. ఆమోదం నవంబరు 21, శుక్రవారం సాయంత్రం వచ్చింది. డబ్బు కట్టడానికి మూడు పనిదినాలు. మంగళవారం ఆర్‌టీజీఎస్ చేశాను. రిలీజ్ ఆర్డర్ 28న చేతికొచ్చింది. అందులో చిన్న అక్షరాల్లో ఒక తేదీ ఉంటుంది, అది దాటాక యార్డు అద్దె కొన్నవాళ్ల మీద పడుతుంది. శనివారం రిలీజ్ ఇస్తే ఆదివారం యార్డు మూసి ఉంటుంది, ఆ రోజు కూడా లెక్కే.

డిసెంబరు 1న బండి తీసుకొచ్చాం. ఇన్సూరెన్స్ లేని బండిని రోడ్డు మీద నడపడం నేరం, అందుకని రికవరీ వ్యాన్ మీదే, 2,500. వరుస మధ్యలో ఇరుక్కున్న బండిని బయటికి లాగడానికి యార్డులో ఇంకో 500. గేటు దాటకముందే, సంతకం పెట్టకముందే, యార్డు జాబితాతో బండిని సరిచూసుకోవాలి. మంగళవారం నేను తీసిన ఫొటోల్లో ఉన్న జాకీ, స్టీరియో ఆ రోజు లేవు. ఫొటోలు చూపించి గట్టిగా అడిగితే స్టీరియో ఇచ్చారు, జాకీ దొరకలేదన్నారు. అందుకే బండి చూసే రోజున స్టెప్నీ, బ్యాటరీ నంబరు, స్టీరియో, క్యాటలిటిక్ కన్వర్టరు అన్నీ ఫొటో తీసి పెట్టుకోవాలి.

షెడ్డులో విప్పాక: క్లచ్ అనుకున్నట్టే. రిటర్న్ లీకు పరీక్షలో నాలుగిట్లో రెండు ఇంజెక్టర్లు పోయాయి, బాగుచేయించడానికి 15,500. నిల్వలోంచి పోయింది. టర్బో బాగుంది. రేడియేటర్ ఫ్యాను రెండో స్పీడు పనిచేయడం లేదు, 2,200. ఏసీ యార్డులో చల్లగానే వచ్చింది, ఇక్కడ గంట నడిపితే ఆగిపోయింది. గ్యాసు లీకు, కండెన్సరుతో కలిపి 6,800. ఈ మూడూ కలిపి 24,500. నేను పక్కన పెట్టిన 25,000 దాదాపు ఖర్చయిపోయింది. లక్షా పాతిక వేలు దాటిన డీజిల్ బండిని నడపకుండా కొంటే ఆ మాత్రం నిల్వ పెట్టుకోవాలని ఇప్పుడు గట్టిగా చెబుతాను.

ఆఖరిది, ఓపిక అంతా లాగేసేది, కాగితాలు. బ్యాంకు ఇవ్వాల్సినవి: అమ్మకం పత్రం, ఎన్‌ఓసీ, అప్పు తీరిందని చూపే ఫారం 35 మీద ముద్ర, సీజింగ్ చేసినప్పుడు పోలీసులకు ఇచ్చిన సమాచారం నకలు. పాత ఓనరు ఒరిజినల్ సి-బుక్ ఇవ్వలేదు. ఇలాంటప్పుడు బ్యాంకు ఫారం 36 పెట్టి ముందు తన పేరు మీద ఆర్సీ తెచ్చుకోవాలి, ఆ తర్వాత మన పేరు మీదికి మారాలి. అప్పు తీసుకున్న రోజున సంతకం చేయించుకున్న పేరు మార్పిడికి పెట్టే ఖాళీ ఫారం 29, 30 ఉన్నాయి, వాటితో పని చేయించుకోండి అని కొందరు చెబుతారు. పాత ఓనరు ఫోనుకు వచ్చే ఓటీపీ దగ్గర అది ఆగిపోతుంది. బండి పోగొట్టుకున్న మనిషిని ఫోన్ చేసి ఓటీపీ అడగడం నాకు మనసొప్పదు కూడా. ఆయన బాధ ఆయనది. పాట పెట్టకముందే 'ఫారం 36 బాధ్యత బ్యాంకుదా, కొన్నవాడిదా' అని మెయిల్‌లో అడిగి రాతపూర్వకంగా తీసుకున్నాను. ఆ ఒక్క మెయిలు తర్వాత చాలాసార్లు అక్కరకొచ్చింది.

బ్యాంకు కాగితాలు జనవరి మొదటి వారంలో వచ్చాయి. ఒకదాని మీద ఛాసిస్ నంబరులో ఒక అక్షరం తప్పు. వెనక్కి పంపితే సంక్రాంతి సెలవులు అడ్డొచ్చాయి. ఆఫీసులో కాగితం ఇచ్చేముందు బండి మీది ఛాసిస్ నంబరును, అమ్మకం పత్రాన్ని, ఎన్‌ఓసీని, ఫారం 35ని నాలుగిటినీ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూసుకోవడం పది నిమిషాల పని. సరిచేసిన కాగితాలు నెలాఖరుకు వచ్చాయి, చలాన్లు కట్టి దరఖాస్తు పెట్టాం, ఫిబ్రవరి రెండో వారంలో ఆన్‌లైన్‌లో పేరు మారింది. ఈలోపు థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్‌కు 1,000 నుంచి 1,500 సీసీ కార్లకు అప్పుడు ఉన్న 3,416 రూపాయలు, దాని మీద జీఎస్టీ. పూర్తి పాలసీ కావాలంటే గడువు దాటిన బండి కాబట్టి కంపెనీ మనిషి వచ్చి చూసి ఫొటోలు తీసుకుంటాడు. రంగు పని అయ్యాక పిలిస్తే మేలు.

ఎవరూ చెప్పని చిన్న సంగతి ఫాస్టాగ్. ముందు అద్దం మీది పాత ట్యాగు పీకేసి కొత్తది తీసుకుందామంటే, ఆ నంబరు మీద పాత ట్యాగు ఇంకా నడుస్తోంది కాబట్టి కొత్తది ఇవ్వరు. ఒక బండికి ఒకే ట్యాగు. పేరు మారిన ఆర్సీ చూపించి, పాత ట్యాగు ఇచ్చిన బ్యాంకుకు రాసి మూయించాక కొత్తది వచ్చింది. అప్పటిదాకా గుంటూరు వెళ్లొచ్చిన ప్రతిసారీ కాజ టోల్ దగ్గర ట్యాగు లేని బండికి కట్టే ఎక్కువ రుసుమే కట్టాం. కాగితాలకని పెట్టుకున్న 20,000లో ఈ టోల్ లేదు. తర్వాతి బండికి ఆ వరుస కూడా చేర్చి, పేరు మారకముందు బండిని టోల్ దాటించకుండా చూసుకుంటున్నాను.